మాట్లాడే కంప్యూటరుతో భద్రాచలం అడవికి

"నీకు కళ్లు కనపడవు కదా, ఊళ్లు తిరిగి ఏం చూస్తావ్?" అని మా తెనాలిలో నన్ను అడగనివాడు పాపాత్ముడు. అడిగే ప్రతివాడూ భద్రాచలం వెళ్లొచ్చినవాడే. ఏం చూసొచ్చావయ్యా అంటే, "గుడి చూశాం, గోదారి చూశాం, దారంతా నిద్రపోయాం" అంటాడు. దారంతా నిద్రపోయినవాడు ఊరు చూసినట్టూ, మెలకువగా కూర్చున్న నేను చూడనట్టూ! అందుకే ఇంటికి రాగానే ఒళ్లు మండి ఇది రాయడానికి కూర్చున్నాను. అటు వెళ్లనివాళ్లు చదువుకోండి. వెళ్లి నిద్రపోయినవాళ్లు మరింత శ్రద్ధగా చదువుకోండి.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. నా కంప్యూటరులో స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. తెర మీద ఏ అక్షరాలుంటే వాటిని పైకి చదివి వినిపిస్తుంది. చదివేది ఇంగ్లీషులోనే, అదీ ముక్కుతో, రైలు తప్పిపోతున్నవాడిలా గబగబా. అక్షరాలున్నంతవరకే దాని ప్రతాపం. రంగురంగుల బటన్లు, మౌసుతో నొక్కాల్సిన గడులు వచ్చాయంటే మూగనోము పట్టినట్టు ఊరుకుంటుంది. లెక్కల ప్రోగ్రాములు తయారుచేసేవాళ్లకేమో ఆ బటన్లంటేనే ప్రాణం. అందుకని నాలాంటివాళ్లం వెతికి వెతికి, ఆదేశం టైపు చేస్తే జవాబును అక్షరాల్లోనే ఇచ్చే ఉచిత ప్రోగ్రాం ఒకదాన్ని పట్టుకున్నాం. అందులోనూ గ్రాఫు మాత్రం బొమ్మే. ఆ లోటు పూడ్చడానికి నేను రెండు వేసవి సెలవులు ధారపోసి ఒక చిన్న ప్రోగ్రాం రాసి దానికి తగిలించాను. గ్రాఫులో గీత ఎక్కడ ఎక్కింది, ఎక్కడ పడింది అన్నది అది మాటల్లో చెబుతుంది. అప్పటికి దాన్ని వాడేవాడు ప్రపంచం మొత్తం మీద ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే.

రెండో మనిషి భద్రాచలంలో దొరికింది. పేరు రూతు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. ఆమెకూ చూపు లేదు. మాలాంటివాళ్లు కష్టసుఖాలు రాసుకునే ఈమెయిల్ గుంపులో పరిచయమైంది. అడవి ఊళ్లలో చిన్నపిల్లల బరువులు నెలనెలా తూచి లెక్కలు కట్టే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం. లెక్కల మనిషిగానే తీసుకున్నారు. తీరా చేరాక, వాళ్లు కొన్న లెక్కల ప్రోగ్రాం అంతా బటన్లమయం. ఆమె స్క్రీన్ రీడరు నోరు మెదపలేదు. దాంతో ఆమెను ఫోన్ ఎత్తడానికి కూర్చోబెట్టారు. ఒక సోమవారం నాకు ఫోన్ చేసింది.

"అన్నా, శుక్రవారం మాకు పైసలిచ్చే కమిటీ వస్తుంది. ఆ రోజు లెక్కలు నేనే చేసి చెప్పాలె. చెప్పకపోతే నా జాగల ఇంకొకల్ని పెట్టుకుంటరంట, నన్ను ఎప్పటికీ ఫోన్ కాడనే కూసోవెడ్తరంట. నీ ప్రోగ్రాం పట్టుకొని జల్దీ రా."

మర్నాడే బయల్దేరాను. ఆమె ఉద్యోగం కోసమే వెళ్లానని చెప్పుకోవచ్చు గానీ, నా ప్రోగ్రాం ఇంకొకరు వాడతారన్న సంబరం కూడా సగం ఉంది.

ఖమ్మం

రైల్లో ఖమ్మం వచ్చిందని నాకెవరూ చెప్పలేదు, నా ముక్కే చెప్పింది. మిర్చి సీజను. స్టేషన్ బయటికి రాగానే ఎక్కడి నుంచో మిరప ఘాటు గాలిలో తేలుతూ వచ్చింది. మాది గుంటూరు జిల్లా కాబట్టి మిరపకాయల విషయంలో ఎవరికీ తలవంచేది లేదన్న పొగరు నాకు పుట్టుకతోనే వచ్చింది. ఆ మాటే ఆటో ఎక్కుతూ డ్రైవరుతో అన్నాను. అంటూనే తుమ్మాను. ఆటో బస్టాండు చేరేదాకా తుమ్ముతూనే ఉన్నాను.

"గుంటూరోళ్లకు గూడ తుమ్ములొస్తయా సారూ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. కిరాయి తీసుకునేటప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ తుమ్ముతున్నవాడు ఎవరి మీద అరుస్తాడు?

బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాను. ప్లేటు పది రూపాయలు. మా వైపు ఇడ్లీకి అల్లం పచ్చడి లేకపోతే హోటలు మూయించేస్తారు. ఇక్కడ పల్లీల చట్నీ, పలచగా, గ్లాసుతో తాగొచ్చన్నంత. అల్లం పచ్చడి లేదా అంటే, "అల్లం చాయల ఏస్తం సార్" అన్నాడు. అలాగే వేశాడు, బాగుంది.

కొత్తగూడెం దారి

భద్రాచలం బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఆమె ఒళ్లోని గంపలోంచి ఉడకబెట్టిన పల్లీల వాసన. బస్సు కదిలి కాసేపయ్యాక నా సంచిలోంచి ఎవరో కోపంగా ఇంగ్లీషులో మాట్లాడారు. రైల్లో కంప్యూటరు ఆపకుండానే సంచిలో పెట్టేశాను. బ్యాటరీ అయిపోవస్తోందని అది నన్ను తిడుతోంది.

"ఎవల్ని పెట్టినవ్ బిడ్డా సంచిల?" అంది పెద్దామె.

"కంప్యూటరమ్మా."

"గంత కోపమేంది దానికి?"

"ఆకలేస్తోంది."

ఆమె గంపలో చెయ్యిపెట్టి పల్లీలు తీసి నా దోసిట్లో పోసింది. "ఇగ పెట్టు," అంది. వెనక సీటు వాళ్లు పకపకా నవ్వారు. కంప్యూటరు తినదని చెబితే బాగుండదని నేనే తినేశాను. మళ్లీ అది తిట్టింది. "సాలలేదు దానికి," అని ఇంకో దోసెడు పోసింది. కొత్తగూడెం దాటేదాకా ఈ పద్ధతి సాగింది. ఆ తర్వాత బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. "ఇగో, పండుకుంది," అని ఆమె తృప్తిగా అంది.

పాల్వంచ దాటాక గాలి మారింది. రెండు పక్కలా అడవి ఉన్నప్పుడు బస్సు చప్పుడు బయటికి పోదు, మన చుట్టూనే తిరుగుతుంది. చెట్ల మధ్య ఖాళీ వస్తే ఆ చప్పుడు ఒక్కసారి పారిపోతుంది. నిద్రపోతే ఇది తెలియదు.

గోదారి వంతెన

వంతెన మీదికి ఎక్కగానే పెద్దామె నా చేతిలో రూపాయి బిళ్ల పెట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నల్లద్దాలు, చేతికర్ర కనపడితే చాలు, జనం చేతిలో చిల్లర పడేస్తారు. "అమ్మా, నేను లెక్చరర్ని. నెలనెలా జీతం తీసుకుంటాను. నాకేం అక్కర్లేదు," అన్నాను బస్సంతా వినపడేట్టు.

"నీకెవలిచ్చిండ్రు? గోదారమ్మకు. కిటికీ కాడ కూసున్నది నువ్వే గద, వెయ్!"

సిగ్గుతో చచ్చి, కిటికీలోంచి విసిరాను. రూపాయి కడ్డీకి తగిలి టంగుమని మోగింది. ఆమె ఇంకో బిళ్ల ఇచ్చింది. అదీ టంగుమంది.

"ఏందయ్యా, చూపు లేదా ఏంది నీకు?"

"లేదమ్మా."

"అయ్యో, ముందుగాల చెప్పొద్దా!" అని, నా మీదుగా వంగి తనే వేసింది. ఖమ్మం నుంచి ఇక్కడిదాకా ఆమెకు ఆ సంగతే తెలియదట. నల్లద్దాలు ఎండకు పెట్టుకున్నాననుకుందట. ఈ ప్రయాణంలో నన్ను అంత సంతోషపెట్టిన మాట ఇంకొకటి లేదు.

భద్రాచలం

గుడికి వెళ్లావా అని అడుగుతారని తెలుసు. వెళ్లాను. నన్ను వరసలో ముందుకు తోశారు, పూజారి నా చెయ్యి పట్టుకుని నగల వర్ణన చేశారు, పులిహోర బాగుంది. చాలా?

బుధవారం రూతు ఆఫీసుకు వెళ్లాను. ఇంచార్జి పేరు వెంకటనర్సయ్య గారు. మంచి మనిషి. కాకపోతే చూపు లేనివాళ్లకు వినపడదు కూడా అనుకునే రకం. "నమస్తే సార్! కూసోండ్రి! ఇది కుర్చీ!" అని చెవి దగ్గర అరిచారు. రూతు మెల్లగా, "అన్నా, ఇది రోజూ ఉండేదే," అంది.

ఆయన చాయ్ తెప్పించి, తమ గొప్ప సంగతి చెప్పారు. అక్కడ చిన్న అడవి ఊరిని గుంపు అంటారు. అలాంటివాటిలో తునికిగుంపు అని ఒకటి ఉంది. ఈ సంస్థ ఇచ్చే పిండి తిని అక్కడి పిల్లలు ఐదు నెలలుగా ఊహించనంత బరువు పెరిగారట. ఒకటి రెండు ఊళ్లు తప్ప మిగతావాటిలో పెరుగుదల అంతంతమాత్రం. శుక్రవారం కమిటీకి తునికిగుంపునే చూపించబోతున్నారు. "ఆళ్లు ఖుషీ అయితే ఇంకో రెండేండ్లు పని నడుస్తది సార్!"

నేను నా సీడీలు తీసి రూతు కంప్యూటరులో అన్నీ ఎక్కించాను. ఆమె ఒక్కొక్క ఆదేశం అడిగి తెలుసుకుంటూ టైపు చేసింది. మధ్యాహ్నానికి నన్ను అడగడం మానేసింది. సాయంత్రానికి నన్ను సరిదిద్దడం మొదలుపెట్టింది. ఏడాదిగా మూగబోయిన కంప్యూటరు ఆమె ముందు వాగుతూనే ఉంది. "అన్నా, నా లెక్కలు నాకు వినపడుతున్నయ్," అంది. ఇంకాసేపు ఉంటే ఇద్దరం ఏడ్చేవాళ్లమే, ఇంతలో వెంకటనర్సయ్య గారు వచ్చి, "అయిందా?!" అని అరిచారు.

అప్పుడే ఆ నెల బరువులు వచ్చాయి. రూతు వాటిని కలిపి తునికిగుంపు గ్రాఫు అడిగింది. నా ప్రోగ్రాం మొదటిసారి పరాయివాళ్ల ముందు నోరు తెరిచింది. గీత పెరిగింది, పెరిగింది, ఇంకా పెరిగింది, అని ఐదు నెలలు చెప్పుకొచ్చి, ఆరో నెల దగ్గర ఏ మొహమాటం లేకుండా తన ముక్కు ఇంగ్లీషులో, "నిలువునా పడిపోయింది," అంది.

"ఏందీ, పడుడేంది?" అన్నారు వెంకటనర్సయ్య గారు. ఆ ఒక్కసారి అరవలేదు. "అయ్యో, రోగమేదో సోకింది! నా పిల్లలు!" అంటూ డాక్టరుకు ఫోన్ చేయడానికి పరుగెత్తారు.

రూతు మాత్రం ఇంకో ఆదేశం టైపు చేసింది. ఏ పిల్ల బరువులోంచి ఆ పిల్ల కిందటి నెల బరువు తీసేయమని. మౌసుతో అయితే ఒక్కో పిల్ల దగ్గరా నొక్కుకుంటూ కూర్చోవాల్సిన పని, ఆమెకు ఒక్క వాక్యం. కంప్యూటరు చదివింది. ప్రతి పిల్లా రెండు కిలోల పైచిలుకు తగ్గింది. అందరూ దాదాపు ఒక్కటే.

"రోగమైతే ఒకలకు ఎక్కువ, ఒకలకు తక్కువ తగులుతది. గింత సమానంగ పంచిపెట్టే రోగమేందన్నా?" అంది రూతు.

నా ప్రోగ్రాం తప్పేమోనని లోలోపల భయం పట్టుకుంది. రెండు సార్లు నోటి లెక్క వేసి చూశాను. తప్పు లేదు.

రూతు ఇంట్లో

ఆ రాత్రి భోజనం వాళ్లింట్లో. రూతు వాళ్లమ్మ సుగుణమ్మ గారు బడిలో వంట చేస్తారు. కొర్రమీను పులుసు పెట్టారు. మా వైపు చేపల పులుసులో పులుపు ఎక్కువా, ఆవిడ పులుసులో కారం ఎక్కువా అంటే ఏమీ చెప్పలేను, రెండో ముద్ద తర్వాత నాకేమీ తెలియలేదు. తినేముందు ఆవిడ ప్రార్థన చేశారు. చేపల కోసం, చుట్టం కోసం, శుక్రవారం కోసం, చివరికి "ప్రభువా, గా కంప్యూటరుకు మంచి బుద్ధి ఇయ్యి," అని కూడా. రూతు ఆమెన్ అంది. నేనూ గట్టిగా అన్నాను.

"ఫోన్ ఎత్తుడు తక్కువ పని అని కాదన్నా," అంది రూతు, నాకంటే ముందే చేతులు కడుక్కుని. "నేను చదివింది వేరే. శుక్రవారం పోతే మళ్లా ఎవలూ నన్ను అడగరు." సుగుణమ్మ గారు నా కంచంలో ఇంకో చేప ముక్క వేశారు.

తునికిగుంపు

గురువారం పొద్దున్నే జీపు బయల్దేరింది. ముందు సీట్లో వెంకటనర్సయ్య గారు, వెనక డాక్టరు గారు, ఆయన ఒళ్లో మందుల పెట్టె, మా కాళ్ల దగ్గర విరేచనాలకు ఇచ్చే పొడి ప్యాకెట్ల బస్తా. రూతూ నేనూ ఆ బస్తా మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. దారి పొడవునా ఇప్పపూల వాసన. మత్తుగా, తియ్యగా, కాస్త పులిసినట్టుగా. మా తెనాలిలో ఆ వాసన ఎక్కడైనా వస్తే ఎక్సైజు వాళ్లు వస్తారు.

జీపు ఆగగానే పిల్లల గోల. ఒకడు బానెట్ ఎక్కాడు, ఒకడు హారను నొక్కాడు, ఒకత్తె నా కర్ర లాక్కుని గుర్రం చేసుకుంది. డాక్టరు గారు ఒక్కొక్కరినీ పట్టుకుని నాలుక చాపించి, పొట్ట నొక్కి, చాలాసేపటికి, "వీళ్లకేం రోగం లేదండీ. కాస్త బక్కగా ఉన్నారు గానీ నాకంటే హుషారుగా ఉన్నారు," అన్నారు.

అంగన్‌వాడీ టీచరు నాగమణి వచ్చింది. "ఈ నెల ఏం జరిగిందమ్మా ఇక్కడ?" అని వెంకటనర్సయ్య గారు దీనంగా అడిగారు.

"ఏం లేదు సార్. ముత్యాలమ్మ పండగైంది."

"పండగల ఏమన్న తిన్నరా? కలుషితమా?"

"మంచిగనే తిన్నం సార్. సర్పంచిని కోసుకున్నం."

మందుల పెట్టె కింద పడ్డ చప్పుడైంది.

"కోడిపుంజు సార్!" అంది నాగమణి. "పిల్లలు దానికి సర్పంచి అని పేరు పెట్టుకున్నరు."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పిల్లల్ని తూచే కాటా కొమ్మకు వేలాడదీసి, గుడ్డ సంచిలో కూర్చోబెట్టి తూస్తారు. తునికిగుంపు పిల్లలు దాన్ని చూస్తే సూది మందు అనుకుని ఊరు దాటి పరుగెత్తేవాళ్లు. నాగమణికి ఒక ఉపాయం తట్టింది. మొదటి నెల, అప్పుడే తెచ్చిన కోడిపిల్లను ఒళ్లో పెడితే పిల్లలు ఏడవకుండా కూర్చున్నారు. అప్పటి నుంచి నెలనెలా ప్రతి పిల్లనూ సర్పంచితో కలిపే తూచారు. సర్పంచి చక్కగా ఎదిగాడు. సంస్థ పిండి అతనికీ పెట్టారట. ఐదు నెలలకు రెండు కిలోలు దాటాడు. పండక్కి పోయాడు.

"కోడి బరువు తీసెయ్యాలని తెల్వదా అమ్మా?" అన్నారు వెంకటనర్సయ్య గారు.

"మీరు పిల్లల్ని తూయమన్నరు. కోడిని తూయమనలే గద సార్."

నేను నవ్వు ఆపుకోలేక, జీపులోంచి దింపిన బస్తా మీద పడ్డాను. రూతు నా పక్కనే పడి నవ్వుతోంది. డాక్టరు గారు కూడా. పక్కన ఒక ముసలామె కోయ భాషలో ఏదో అంది. మా కోసం సర్పంచి కూర కొంచెమైనా దాచనందుకు ఆమె బాధపడుతోందని నాగమణి చెప్పింది. అందరికీ జొన్న జావ పోశారు. ఆ ఎండలో అమృతంలా ఉంది.

తిరుగు దారిలో వెంకటనర్సయ్య గారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, బతిమాలుతున్నట్టు అన్నారు. "రూతమ్మా, ఆ ఆఖరి నెల వదిలెయ్యి బిడ్డా. ఐదు నెలలే చూపెడ్దాం. గీత మంచిగనే ఉన్నది. నీ కుర్చీ నీకే ఉంటది, నాదీ పూచీ."

నాకు నాలుక చివరిదాకా తిట్టు వచ్చింది. కానీ పోయేది నా ఉద్యోగం కాదు కదా. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. భద్రాచలం చేరేదాకా జీపులో ఇంజను ఒక్కటే మాట్లాడింది.

శుక్రవారం

కమిటీలో పెద్ద ఒక రిటైరైన లెక్చరరు గారు. ఆవిడ గొంతులోనే క్లాసు రూము వినపడుతుంది. రూతు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, కీబోర్డు మీద చేతులుంచి మొదలుపెట్టింది. తెర మీద గ్రాఫు వాళ్లకు, మాటల గ్రాఫు ఆమెకు. తునికిగుంపు మొదటి నెల, రెండో నెల, ఐదో నెల. గీత ఎక్కుతోంది. నా పక్కన వెంకటనర్సయ్య గారు ఊపిరి వదిలారు. రూతు ఆగింది. ఆమె మళ్లీ టైపు చేసింది.

"ఇది ఆరో నెల మేడమ్," అని, సర్పంచి సంగతి మొత్తం చెప్పింది.

గది నవ్వుతో ఊగిపోయింది. లెక్చరరు గారు బల్ల కొట్టి మరీ నవ్వారు. ఎవరో మంచినీళ్లు అడిగారు. నేనూ నవ్వాను, రెండోసారైనా తగ్గలేదు. వెంకటనర్సయ్య గారు మాత్రం నవ్వలేదు. రూతు కూడా నవ్వలేదు. అందరూ ఆగేదాకా ఆగింది.

"మొదటి నెల సర్పంచి కోడిపిల్ల, బరువు లెక్కకు రాదు. ఈ నెల సర్పంచే లేడు. ఈ రెండు నెలలు పక్కపక్కన పెట్టిన." ఆమె ఒక ఆదేశం టైపు చేసింది. తెర మీద ఏం వచ్చిందో నాకు కనపడదు గానీ, గది నిశ్శబ్దమైపోయింది. "ఎదిగింది సర్పంచి ఒక్కడే. పిల్లలు ఎదగలే. మన పిండి వాళ్లకు సాలుతలేదు."

లెక్చరరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "వచ్చే నెల ఈ లెక్కలు ఎవరు చేస్తారండీ?" అని వెంకటనర్సయ్య గారిని అడిగారు.

ఆయన లేచి నిలబడ్డారు. లేవడంలో కుర్చీ వెనక్కి పడింది. "రూతే చేస్తది మేడమ్," అన్నారు. "ప్రతి నెలా రూతే చేస్తది." తర్వాత ఆమె వైపు తిరిగారు. "రూతమ్మా, మిగతా గుంపులల్ల గూడ ఏమన్న కోళ్లున్నయేమో, జర చూడు."

"చూసిన సార్. ఇంకో రెండు గుంపులల్ల పిల్లలందరూ ఒక్క తీరే పెరుగుతుండ్రు," అంది రూతు. "ఒకదాంట్ల కోడే. రెండోదాంట్ల జర బరువెక్కువుంది సార్, మేకపిల్ల అయి ఉంటది."